మన నీళ్లు, మన బొక్కలు, ఒక పరమాణువు

(మన సంఘం ఆరోగ్య సదస్సులో ఒక విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకులు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పిలిచి, "సార్, మనవాళ్లందరివీ మోకాళ్ల నొప్పులే. దాని మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాల పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. మందులు రాయడం నాకు తెలియదు. నీళ్ల సంగతి మాత్రం కొంత తెలుసు. మన పాత నల్లగొండ జిల్లాలో, పక్కనే ఉన్న పాత మహబూబ్‌నగర్ జిల్లాలో నీళ్ల సంగతి తెలియకుండా బొక్కల సంగతి మాట్లాడటం కుదరదు.

ఈ మధ్య నేను తిరిగిన చాలా ఇళ్లలో ఒకటి గమనించాను. తాగడానికి నల్లా నీళ్లో, ఇరవై లీటర్ల క్యానో వాడుతున్నారు. అన్నం, పప్పు, చాయ్ మాత్రం బోరు నీళ్లతోనే. "మరిగిస్తున్నాం కదా సార్, ఏమవుతుంది?" అంటారు. ఏమవుతుందో చెప్పడానికే ఈ ప్రసంగం. అందుకోసం ఒక పరమాణువు లోపలికి వెళ్లిరావాలి. భయపడకండి, పరీక్ష పెట్టను.

ముందు కొంచెం చరిత్ర. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. మన దగ్గర నిజాం కాలంలోనే, 1940లలో ఈ జబ్బును గుర్తించారు. 1955లో డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం లండన్ నుంచి వచ్చే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. దాని శీర్షికలోనే నల్లగొండ జిల్లా పేరు ఉంది. మన ఊరి పేరు ప్రపంచానికి అట్లా తెలిసింది. మనలో ఎంతోమంది మునుగోడు, చండూరు, మర్రిగూడ, నాంపల్లి వైపు ఉద్యోగాలు చేసినవాళ్లమే. నడుము వంగిపోయి, మెడ తిరగక, మనిషి మొత్తం తిరిగి చూస్తేగాని పక్కవాణ్ణి పలకరించలేని వారిని మనం చూశాం. నలభై ఏళ్లకే డెబ్భై ఏళ్ల వాళ్లలా కనిపించేవారు. బడిపిల్లల నవ్వు చూస్తే పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు. గారపళ్లు అని మనం తేలిగ్గా అనేసిన మాట వెనుక ఉన్నది ఇదే.

1996 లోక్‌సభ ఎన్నికలు గుర్తున్నాయా? జలసాధన సమితి ఉద్యమంతో మంచినీళ్ల కోసం నల్లగొండ స్థానంలో నామినేషన్ల మీద నామినేషన్లు పడి, చివరికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. పోలింగు వాయిదా పడింది. బ్యాలెట్ పత్రం కాస్తా బ్యాలెట్ పుస్తకం అయింది. ఆ ఎన్నికల డ్యూటీ చేసినవాళ్లు ఈ హాలులోనే ఉండి ఉంటారు, ఆ బాధ వాళ్లకే తెలుసు. ఆ తర్వాతే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. ఒక పరమాణువు ఎన్నికల చట్టం దాకా పోయిందన్న మాట.

ఆ పరమాణువు పేరు ఫ్లోరిన్. నీళ్లలో అది ఫ్లోరైడ్ రూపంలో ఉంటుంది. ఎంత ఉంటే ప్రమాదం? మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరు నీళ్లలో 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. మిల్లీగ్రాము అంటే కంటికి ఆనదు కాబట్టి ఇట్లా చూద్దాం. మీ మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉందనుకోండి. ఆ ట్యాంకు మొత్తంలో ఒకటిన్నర గ్రాము. టీ చెంచాడు ఉప్పులో పావు వంతు. అంతకు మించితే వద్దు అంటున్నారు. మన జిల్లాలో లీటరుకు 4, 5 మిల్లీగ్రాములు దాటిన బోర్లు ఎన్నో ఉన్నాయి. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. తియ్యటి నీళ్లు అని మెచ్చుకున్న బావిలో కూడా ఉండొచ్చు.

ఇప్పుడు పరమాణువు. దాని మధ్యలో కేంద్రకం, చుట్టూ ఎలక్ట్రాన్లు. ఫ్లోరిన్ కేంద్రకాన్ని ఒక ఆవగింజ అనుకుంటే, ఎలక్ట్రాన్లు తిరిగే చోటు దాదాపు ఒక పెద్ద ఫంక్షన్ హాలంత అవుతుంది. బరువంతా ఆ గింజలోనే. మిగతాదంతా ఖాళీయే. అయినా రసాయన శాస్త్రం అంతా నడిచేది బయట తిరిగే ఎలక్ట్రాన్ల వల్లనే. ఫ్లోరిన్‌కు మొత్తం 9 ఎలక్ట్రాన్లు. లోపలి వరుసలో 2, బయటి వరుసలో 7. బయటి వరుసలో 8 అయితే పరమాణువుకు నిమ్మళం. ఫ్లోరిన్‌కు ఒక్కటే తక్కువ. ఆ ఒక్క ఎలక్ట్రాన్ కోసం ఫ్లోరిన్ పడే ఆత్రం ఏ మూలకానికీ లేదు. ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణంలో మూలకాలన్నిటిలోనూ దానిదే మొదటి స్థానం. అందుకే దాన్ని విడిగా పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు నానా అగచాట్లు పడ్డారు. కొందరు ఆ ప్రయత్నంలో విషవాయువుకు బలయ్యారు. చివరికి 1886లో పారిస్‌లో హెన్రీ మోయిసాన్ సాధించాడు. 1906లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక ఎలక్ట్రాన్ దొరికితే ఫ్లోరిన్ ఋణావేశం ఉన్న ఫ్లోరైడ్ అయానుగా మారుతుంది. ఇచ్చేవాళ్లు ఎవరు? కాల్షియం లాంటి వాళ్లు. కాల్షియంకు 20 ఎలక్ట్రాన్లు, వరుసగా 2, 8, 8, 2. చివరి రెండూ దానికి బరువే. ఇద్దరు ఫ్లోరిన్లకు చెరొకటి ఇచ్చేస్తుంది. ఇచ్చినవాడు ధనావేశం, పుచ్చుకున్నవాడు ఋణావేశం, ఆ ఆకర్షణతో అంటిపెట్టుకుని ఉంటారు. దీన్నే అయానిక బంధం అంటాం. ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా ఉమ్మడిగా వాడుకునే పద్ధతి ఇంకొకటి ఉంది, సమయోజనీయ బంధం. నీటి అణువులో హైడ్రోజన్, ఆక్సిజన్ అట్లా కలిసి ఉంటాయి. మనకు ఇవాళ మొదటిదే ముఖ్యం. ఫ్లోరిన్, కాల్షియంల మధ్య ఉన్న ఈ మక్కువే మన కథకంతా మూలం.

మన గుట్టలు గ్రానైటు గుట్టలు. నల్లగొండ కోట గుట్ట నుంచి దేవరకొండ దాకా, డిండి వాగు దాటి పాలమూరు వైపు వెళ్లినా అదే రాయి. ఆ రాతిలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు అక్కడక్కడా ఉంటాయి. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. భూమిలోకి దిగిన కొద్దిపాటి నీరు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి ఉండి దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడును పట్టి ఉంచుతుంది, ఎక్కువ కరగనివ్వదు. మన నేలలో ఏమవుతుందంటే, ఆ కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా మారి మట్టిలో ఉండిపోతుంది. చేనులో దున్నేటప్పుడు నాగలికి తగిలే తెల్లటి గడ్డలు అవే. ఇక నీళ్లలో ఫ్లోరైడుకు అడ్డం లేదు. అది కాల్షియం కోసం వెతుక్కుంటూ బోరులోంచి పైకి వస్తుంది, బిందెలోకి వస్తుంది, చివరికి మన ఒంట్లోకి వస్తుంది. అక్కడ దానికి కావలసినంత కాల్షియం.

మన బొక్క అంటే ఏమిటి? కాల్షియం, ఫాస్ఫేట్, వాటితోపాటు హైడ్రాక్సైడ్ అనే ఒక చిన్న అయాను. ఈ హైడ్రాక్సైడ్, ఫ్లోరైడ్ దాదాపు ఒకే సైజు, ఆవేశమూ ఒకటే. దేవరకొండ బస్సులో రుమాలు వేసిన సీటు చూశారు కదా. రుమాలు వేసినవాడు వచ్చేలోపల అంతే లావున్న ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు. ఎంత లేవమన్నా లేవడు. ఫ్లోరైడ్ చేసే పని అదే. హైడ్రాక్సైడ్ సీటులో కూర్చుంటుంది. అప్పుడు బొక్క ఎక్స్‌రేలో ఇంకా చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది. చిక్కగా ఉందని మురిసిపోవడానికి లేదు, పెళుసుబారుతుంది. వెన్నుపూసల పక్కన, కీళ్ల దగ్గర మెత్తగా ఉండాల్సిన నరాల బందాల మీద కూడా సున్నం పేరుకుని బిగుసుకుపోతాయి. నడుము వంగకపోవడం, మెడ తిరగకపోవడం అందుకే. పళ్ల చారలు మాత్రం చిన్నప్పుడే పడతాయి. పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్ల ఫలితం అది. మీ మనవళ్ల విషయంలో ఆ ఎనిమిదేళ్లు గుర్తుపెట్టుకోండి.

మంచినీళ్లు మొదలుపెట్టగానే ఫ్లోరైడ్ దిగిపోతుందా అని అడుగుతారు. బొక్క ఎప్పుడూ కొద్దికొద్దిగా పాతది వదిలి కొత్తది కట్టుకుంటూ ఉంటుంది. ఆ మార్పులో ఫ్లోరైడ్ కూడా నెమ్మదిగా బయటపడుతుంది. ఏళ్లు పడుతుంది. బిగుసుకుపోయిన కీలు మళ్లీ మెత్తబడటం కష్టం. ఇంకొక సంగతి, బయటికి పంపేది మూత్రపిండాలు. మన వయసులో షుగరు, బీపీ వల్ల కిడ్నీలు కొంత తగ్గి ఉంటాయి. కుర్రవాడికి బయటికి పోయేంత ఫ్లోరైడ్ మనకు పోదు, లోపలే నిలుస్తుంది. "ఇంత వయసొచ్చింది, ఇప్పుడు మాకు ఏమవుతుందిలే" అనే మాట అందుకే నేను ఒప్పుకోను. అట్లాగని ప్రతి మోకాలి నొప్పీ ఫ్లోరోసిస్ కాదు. వయసుతో వచ్చే అరుగుదల వేరు. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరు గారే.

ఇక మరిగించడం సంగతి. పిల్లలూ, ఇది ఇంట్లో చేసి చూడండి. రెండు గ్లాసుల నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి కలిపి, కొంచెం రుచి చూడండి. దాన్ని పొయ్యి మీద పెట్టి అర గ్లాసు అయ్యేదాకా మరిగించండి. అమ్మమ్మ పక్కన ఉండాలి. చల్లారాక మళ్లీ నాలుక మీద ఒక చుక్క వేసుకోండి. నోరు ముడుచుకుపోతుంది. ఆవిరై పోయింది నీరు, ఉప్పు ఎక్కడికీ పోలేదు. ఫ్లోరైడ్ కూడా ఉప్పు లాంటిదే. మరిగిస్తే క్రిములు చస్తాయి, అయాను చావదు. నీరు తగ్గిన కొద్దీ అది చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా, కుండలో నిలవ పెట్టినా అంతే. కరిగి ఉన్నదాన్ని గుడ్డ పట్టలేదు.

మరి దేనితో పట్టాలి? ఈ ప్రశ్నకు వచ్చిన ఒక మంచి జవాబుకు మన జిల్లా పేరే పెట్టారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరి అంటాం, ఆ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించి 1975లో ప్రకటించిన పద్ధతి అది. నల్లగొండ టెక్నిక్. కావలసిన సరుకులు మూడే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. ఇంట్లోనైతే నలభై లీటర్ల బకెట్టు. దాని నల్లా అడుగున కాకుండా నాలుగైదు సెంటీమీటర్లు పైన ఉండాలి. మందు వేసి మొదట గబగబా, తర్వాత పది నిమిషాలు నిదానంగా కలపాలి. ఒక గంట కదిలించకుండా ఉంచాలి. అడుగున మడ్డి దిగుతుంది. పైన తేరిన నీళ్లు పట్టుకోవాలి.

ఇందులో జరిగేది చూడండి, నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. పటికలోని అల్యూమినియం మూడు ఎలక్ట్రాన్లు వదిలిన అయాను. నీళ్లలో పడగానే హైడ్రాక్సైడ్లను చుట్టూ చేర్చుకొని దూదిపింజల్లాంటి మెత్తటి అవక్షేపం అవుతుంది. ఫ్లోరైడ్ వచ్చి ఆ పింజల్లో హైడ్రాక్సైడ్ సీటులో కూర్చుంటుంది. మన బొక్కలో చేసిన పనే ఇక్కడ బకెట్టులో చేస్తుంది! పింజలు బరువెక్కి అడుగుకు దిగుతాయి, వాటితో పాటు అదీ దిగుతుంది. దాని బుద్ధినే దానికి వలగా వేశారన్న మాట.

సున్నం ఎందుకు? దీనికి మందార పువ్వు చాలు. నాలుగు రేకులు వేడినీళ్లలో నానబెట్టి రంగు దింపండి. ఆ రంగు నీళ్లు కొంచెం పటిక నీళ్లలో పోస్తే గులాబీ ఎరుపు వస్తుంది, అంటే ఆమ్లం. సున్నపు తేటలో పోస్తే ఆకుపచ్చ, అంటే క్షారం. పటిక నీళ్లలోని హైడ్రాక్సైడ్లను లాక్కోవడంతో నీళ్లు పులుపెక్కుతాయి. ఆ పులుపు విరగడానికి సున్నం, పటికలో సుమారు ఇరవయ్యో వంతు. మరీ పులుపైనా, మరీ క్షారమైనా పింజలు సరిగా కట్టవు. బ్లీచింగ్ పౌడరు క్రిముల కోసం. ఈ మందార పరీక్ష పిల్లలు తప్పకుండా చేయండి. నీళ్లు మాత్రం తాగకండి.

ఈ పద్ధతి ఆఫ్రికాలోని టాంజానియా దాకా వెళ్లింది. అక్కడి ఇంజనీర్లు కూడా దీన్ని నల్లగొండ పేరుతోనే పిలుస్తారు. అక్కడ, థాయిలాండ్‌లో ఇంకో ఉపాయం కూడా చేశారు. పశువుల ఎముకలను కాల్చి బొగ్గులా చేసి వడపోతకు వాడారు. మన బొక్కల్లోకి పోయే ఫ్లోరైడును ముందే వేరే బొక్కతో పట్టేయడం. మన దగ్గర ఎముకల వడపోత అంటే ఎవరూ ముట్టరు కాబట్టి ఆ మాట పక్కన పెడదాం.

అంత మంచి పద్ధతి మన ఊళ్లలోనే ఎందుకు నిలవలేదు అంటే, నా ఉద్దేశంలో రసాయన శాస్త్రం తప్పలేదు, ఓపిక తప్పింది. పటిక ఎంత వేయాలన్నది నీళ్లలోని ఫ్లోరైడును, క్షారతను బట్టి పట్టిక చూసి వేయాలి. లీటరుకు వందల మిల్లీగ్రాములు పడుతుంది. ఉజ్జాయింపుగా వేస్తే ఫ్లోరైడ్ పోదు, లేదంటే అల్యూమినియం మిగులుతుంది. రోజూ కలపాలి, రోజూ మడ్డి తీసి పారబోయాలి. పొద్దున లేస్తే కూలికి పోయే ఇంట్లో ఇది ఎవరు చేస్తారు? ఆ తర్వాత ఆర్‌ఓ ప్లాంట్లు వచ్చాయి. సన్నటి పొర గుండా ఒత్తిడితో నీటిని పంపి అయాన్లను ఇవతలే ఆపేస్తాయి. ఫ్లోరైడ్ పోతుంది, నిజమే. కాని కొనాలి కాబట్టి ఆ నీళ్లను గొంతుకే వాడుకుంటాం, కుండకు వాడం.

అసలు పరిష్కారం ఫ్లోరైడును తీయడం కాదు, అది లేని నీళ్లు తేవడం. కృష్ణా నీళ్లు పైపుల్లో మన పల్లెలకు చేరాయి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో ఇంటింటికీ నల్లా వచ్చింది. చేతిలోకి వచ్చిన దాన్ని మనం ఎట్లా వాడుకుంటున్నామన్నదే ఇక మిగిలిన ప్రశ్న. క్లోరిన్ వాసన వస్తుందని కొందరు, రెండు రోజులు నల్లా రాలేదని కొందరు, పప్పు ఉడకదని కొందరు మళ్లీ బోరు మోటారు స్విచ్చి వేస్తున్నారు.

లెక్క చూద్దాం. బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉందనుకోండి. అన్నం, పప్పు, చారు, రెండు పూటల చాయ్ కలిపి ఒక మనిషి కడుపులోకి రోజుకు ఒక లీటరు వంట నీళ్లు పోతాయి. పూర్వం గంజి వార్చేవాళ్లం, కొంత పోయేది. ఇప్పుడు కుక్కర్లో పోసిన ప్రతి చుక్కా మెతుకులోకే. ఆ ఒక్క లీటరులోనే 4 మిల్లీగ్రాములు. ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దులో ఉన్న నీళ్లు రెండున్నర లీటర్లు తాగినా వచ్చేది 3.75. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న క్యాను నీళ్లు ఒక్క చుక్క తాగకముందే ఆ రోజు కోటా అయిపోయింది. దానికి తోడు తేయాకులోనే కొంత ఫ్లోరైడ్ ఉంటుంది, చిక్కటి చాయ్ ప్రియులు గమనించాలి. క్లోరిన్ వాసన అంటారా, బిందె మూత తీసి కొన్ని గంటలు ఉంచితే చాలావరకు పోతుంది. నల్లా రాని రోజులకు రెండు బిందెలు ఎక్కువ పట్టి పెట్టుకోవచ్చు. బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు, గిన్నెలకు, మొక్కలకు నిశ్చింతగా వాడండి. ఒంటి మీద పోసుకుంటే ఫ్లోరోసిస్ రాదు.

చింతపండు సంగతి కూడా అడుగుతారని తెలుసు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడిపిల్లలకు చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రచురించారు. మన పులుసుకు ఇంత గొప్ప సర్టిఫికెట్ వచ్చినందుకు నాకూ సంతోషమే. అయితే బోరు నీళ్లతో కాచిన చారు తాగి, చింతపండు చూసుకుంటుందిలే అనుకోవడం ఇల్లు కాలుతుంటే చెంబుతో నీళ్లు చల్లినట్టే.

చివరగా, మీ బోరులో ఎంత ఉందో ఊహించుకోకుండా పరీక్ష చేయించండి. పక్కింటి బోరు లెక్క మీ బోరుకు పనికిరాదు, రాతి పగులు మారితే అంకె మారుతుంది. గ్రామీణ మంచినీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో అడగండి. పరీక్ష సూత్రం చాలా సరదాగా ఉంటుంది. జిర్కోనియం అనే లోహంతో కట్టిన ఎర్రటి రంగులో మీ నీళ్లు పోస్తారు. ఫ్లోరైడ్ ఉంటే జిర్కోనియం రంగును వదిలేసి దానితో పోతుంది, ఎరుపు వెలిసి పసుపుకు తిరుగుతుంది. ఎంత వెలిసిందో అంత ఫ్లోరైడ్. నమూనా ప్లాస్టిక్ సీసాలోనే తీసుకెళ్లండి, గాజు సీసా వద్దు. మోటారు వేసి అయిదు నిమిషాలు నీళ్లు పోనిచ్చి, సీసాను అవే నీళ్లతో రెండుసార్లు కడిగి, నిండా పట్టండి. మీద పేరు, ఊరు, తేదీ రాయండి.

వెనుక బల్ల మీద మందార నీళ్లు, పటిక, సున్నపు తేట పెట్టించాను. పిల్లలు వరుసగా వెళ్లి చూడండి. పెద్దలకు ప్రశ్నలుంటే భోజనాల లోపల అడగండి. వంట నల్లా నీళ్లతోనే చేయించామని కార్యదర్శి గారు నాకు మాట ఇచ్చారు.